కార్తీకదీపము: నవదాంపత్యమున శంకాస్థానము

దృశ్యకావ్య మెల్లకాలము నొక్కటే రూపమున నుండునది కాదు. దేవాలయమంటపమున నాడిన నాఁడు యక్షగానమయ్యెను. వీథిలోఁ బందిరిక్రింద నాడిన నాఁడు వీథినాటకమయ్యెను. దీపముల వెలుఁగునఁ దెఱ యెత్తి యాడిన నాఁడు రంగస్థలనాటకమయ్యెను. నేఁడది గృహస్థుని నట్టింటనే గాజుపలకపై వెలుఁగుచు దూరదర్శన ధారావాహిక యను పేరు గాంచినది. రూపము మాఱినంతమాత్రమున లక్షణవిచారము తప్పదు. నాయకుఁ డెట్టివాఁడు, నాయిక యెట్టిది, వారి చిత్తవృత్తులు లోకస్వభావమున కనుగుణముగా నడచినవా లేదా, కార్య మెచటఁ బుట్టి యెచట ముగిసినది, చూచువారి హృదయమున నిలిచిన దేమి యను ప్రశ్నలు భరతముని కాలమున నెట్లు పుట్టినవో నేఁడు నట్లే పుట్టును. ధారావాహికలు పామరవినోదము లని పండితులు వాని నుపేక్షించుట న్యాయము కాదు. ఏలయన, ప్రతిదినము నింటింట వినఁబడు కథకు మించి లోకమును దిద్దునదియు, లోకమును జెఱచునదియు మఱొకటి లేదు.

భూపాలపల్లికిఁ జేరువ గణపురము మండలమునఁ జెల్పూరను గ్రామము గలదు. కాకతి గణపతిదేవుని కాలమున, అనఁగా 13వ శతాబ్దమున, వెలసిన గణపేశ్వరాలయ మా మండలమునందే యున్నది. ప్రజలు దానిని కోటగుళ్ళని పిలుతురు. ఆ చెల్పూరుననే కాకతీయ తాపవిద్యుత్కేంద్రము నెలకొల్పఁబడి, 2010లో 500 మెగావాట్లును, 2016లో మఱి 600 మెగావాట్లును గల యంత్రములతోఁ బని నారంభించినది. ఒకప్పు డాలయకుడ్యములపైఁ జెక్కిన శిల్పములను జూచి కథలు చెప్పుకొనిన ప్రజ, నేఁడు బొగ్గు గాల్చి పుట్టించిన వెలుఁగునఁ గథలు చూచుచున్నది. పొలమునుండి వచ్చిన స్త్రీలును, పనిశాలనుండి వచ్చిన పురుషులును, పాఠము చదువుకొను బాలబాలికలును ఒక్కచోటఁ గూర్చుండి చూచు కావ్య మిది యొక్కటియే. అట్టి కావ్యములలోఁ దెలుఁగుదేశ మంతటను మిక్కిలి ప్రచారము నొందినది ‘కార్తీకదీపము’. అందు నవదంపతుల కలహము చిత్రింపఁబడిన తీరు నిచట విచారింపఁబడుచున్నది.

ఈ ధారావాహిక స్టార్ మా యందు 2017 అక్టోబరు 16వ తేదిని మొదలై 2023 జనవరి 23వ తేదిని ముగిసినది. పదునేనువందలకుఁ బైబడిన భాగము లిందుఁ గలవు. దీనికి మూలము 2014లో మలయాళభాషలో మొదలైన ‘కరుత్తముత్తు’. ఆ కథయే కన్నడమున ‘ముద్దులక్ష్మి’గాను, అరవమున ‘భారతి కణ్ణమ్మ’గాను, మరాఠీలో ‘రంగ్ మాఝా వేగళా’గాను జూపఁబడినది. కాఁబట్టి యిది యొక్క తెలుఁగువారి యభిరుచి మాత్రమే కాదు. దక్షిణాపథమునం దన్ని గృహములును మెచ్చిన కథ. తెలుఁగున దీపపాత్రను బ్రేమి విశ్వనాథ్, కార్తీకుని పాత్రను నిరుపమ్ పరిటాల, మోనితపాత్రను శోభాశెట్టి ధరించిరి.

కథాసంగ్రహ మిది. దీప నల్లని మేనిచాయ గల కన్య. సవతితల్లి యింటఁ గష్టములు పడి పెరిగినది. ధనవంతుల యింటఁ బుట్టిన వైద్యుఁడు కార్తీకుఁ డామె గుణములకు మెచ్చి పెండ్లాడును. అతని తల్లి సౌందర్యకు మొదట నీ కోడలి మేనిరంగు నచ్చదు. కార్తీకునిఁ గోరిన మోనిత, తానును వైద్యురాలగుటచే, అతనికి సంతానము గలుగు యోగ్యత లేదని తప్పుడు పరీక్షాపత్రమును బుట్టించును. అటుపిమ్మట దీప గర్భవతి యగును. పత్రమును నమ్మిన కార్తీకుఁడు భార్యను శంకించును; ఆ శంకకుఁ దాళలేక దీప యిల్లు విడుచును. ఆమెకుఁ గవలపిల్లలు పుట్టుదురు. వారిలో నొకతె యైన హిమ తల్లి యెఱుఁగకుండ నాయనమ్మ చేతఁ దండ్రి యింటికిఁ జేరును. రెండవది శౌర్య తల్లియొద్దఁ బెరుఁగును. దీప వంట చేసి జీవించుచు ‘వంటలక్క’ యను పేరఁ బ్రజలలోఁ బ్రసిద్ధి కెక్కును. తన బిడ్డయే తన యింటఁ బెరుఁగుచున్నదని తండ్రి యెఱుఁగఁడు. తెఱపై నేండ్లకొలఁది నడచిన పిమ్మటఁ గాని నిజము వెల్లడి కాదు.

ఈ కథకుఁ బునాది నవదాంపత్యమున జనించిన యొక్క శంక. దానిని బరీక్షించుటకు ముందుగా దంపతిశబ్దమును బరిశీలింపవలెను. జాయాశబ్దమును బతిశబ్దమును ద్వంద్వసమాసమునఁ గలిసినపుడు జాయాశబ్దమునకు జంభావమును దంభావమును వైకల్పికముగాఁ గలుగునని వైయాకరణులు రాజదంతాదిగణమునఁ జెప్పిరి. అందుచే జాయాపతీ, జంపతీ, దంపతీ యని మూఁడు రూపము లేర్పడినవి. వేదమున ‘దమ్’ అనఁగా గృహము. ఆ వాసన ననుసరించి దంపతు లనఁగా నిల్లేలువా రిద్దఱని చెప్పువారును గలరు. ఏ వ్యుత్పత్తిని గొన్నను భార్యాభర్తలను జెప్పునపుడు శబ్దము ద్వివచనమునందే నిలుచును. ఒక్కరిని విడిచి యొక్కరిని జెప్పుటకు వీలు లేని శబ్ద మిది. పత్నీశబ్దమునకు యజ్ఞసంయోగమున నకారాదేశము విహితమగుట యెల్లరు నెఱిఁగినదే. కర్మయందును ఫలమునందును సమభాగము గలది యని దాని భావము. విశ్వాసశబ్దము ప్రాణనార్థకమైన శ్వసధాతువునుండి పుట్టినది. వెఱపు లేక యూపిరి విడువఁగలుగుటయే విశ్వాసము. శబ్దములు పలుకు నీ యర్థములను లోకము మఱచినను శాస్త్రము మఱవలేదు. వాత్స్యాయనుఁడు కన్యావిస్రంభణ మను ప్రకరణమున నవవధువునకు నమ్మకము గలిగించు భారమును భర్తమీఁదనే యుంచెను. వివాహానంతరము మూఁడు రాత్రులు బ్రహ్మచర్య ముండవలె ననియు, మెల్లమెల్లఁగ నామె మనస్సును జూఱగొనవలె ననియు విధించెను. ఏడడుగులు నడచిన మాత్రమున సఖ్యము సిద్ధించునని గృహ్యసంప్రదాయము. కాఁబట్టి నవదాంపత్యమున మొదటి ఋణము భర్తది; నమ్మించుట యాతని ధర్మము, నమ్ముట యామె యనుగ్రహము.

ఇఁక రసవిచారము. ఆలంకారికులు విప్రలంభశృంగారమును బూర్వానురాగము, మానము, ప్రవాసము, కరుణము నని నాలుగు విధములుగఁ జెప్పిరి. దంపతుల కలహమునకు వీనిలో మానమే స్థానము. మానము ప్రణయమునఁ గలుగునది యొకటి, ఈర్ష్యచేఁ గలుగునది యొకటి. ఈర్ష్యామానమును నాయికకే చెప్పిరి. నాయకుఁ డన్యకాంతాసక్తుఁ డని తెలిసినపుడో, అనుమానించినపుడో యది పుట్టును. దానిని దీర్చుటకు సామము, భేదము, దానము, నతి, ఉపేక్ష, రసాంతరము నని యాఱుపాయములను ధనంజయుఁడు దశరూపకమునఁ జెప్పెను. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ యలుక తీర్చుటకు శ్రీకృష్ణుఁడు పడిన పాటు లోకవిదితమే. అందుఁ గోప మామెది, ప్రార్థన మాతనిది.

కార్తీకదీపమున నిది తలక్రిందయ్యెను. కోపము భర్తది, అతఁడు గాయపడినవాఁడు వలెఁ దిరుగును, భార్య దోషి వలె నిలుచును. ఇట్టి స్థితికి మానభేదములలోఁ జోటు లేదు. ప్రవాస మందమా, పతి దేశాంతరము పోలేదు. కరుణవిప్రలంభ మందమా, ఎవ్వరును మృతి నొందలేదు. మఱి యిచట నున్న చిత్తవృత్తి యేది? అది శంక. భరతుఁడు చెప్పిన ముప్పదిమూఁడు వ్యభిచారిభావములలో శంక మూఁడవది. వ్యభిచారిభావ మనఁగా స్థాయిభావమను సముద్రమునఁ దరంగము వలె లేచి యందే యడఁగునది. నిలుచుట దాని స్వభావము కాదు. రతికి శంక యొకానొకప్పుడు పోషకము కావచ్చును. లేఁత వలపునకుఁ గొంచెము కలఁత శోభ నిచ్చును. కాని యీ ధారావాహికలో శంకయే స్థాయియై నిలిచినది. రతియే యప్పుడప్పుడు తరంగము వలె లేచి యడఁగిపోవుచున్నది. సంచారిని స్థాయిగాఁ జేసి, స్థాయిని సంచారిగాఁ జేసిన విపర్యాస మిందలి మూలదోషము. తక్కిన దోషము లన్నియు దీనినుండి పుట్టినవే.

శంకను బ్రధానముగాఁ గొని మహాకవులు నాటకములు రచింపలేదా యని యడుగవచ్చును. ఆంగ్లమహాకవి షేక్స్పియరు ‘ఒథెల్లో’ నాటకమున నట్లే చేసినాఁడు. అందును నవదంపతులే, అందును దుర్మార్గుని కుతంత్రమే, పరీక్షాపత్రమునకు బదులు చేతిరుమాలు. కాని భేదము గమనింపఁదగినది. ఆ కవి శంకను విషముగా నెఱిఁగి విషముగానే చూపెను. అది కొలఁదిదినములలో గృహమును దగ్ధము చేసెను. భార్యను జంపిన నాయకుఁడు నిజ మెఱిఁగిన వెంటనే తన ప్రాణమునే మూల్యముగ నిచ్చెను. ప్రేక్షకుఁడు శంకను జూచి వెఱచునే గాని దాని నాస్వాదింపఁడు. కార్తీకదీపమున శంక యాస్వాద్యమైనది. దినదినమును గొంచెము గొంచెముగా వడ్డింపఁబడినది. దానికి మూల్యము చెల్లించినది శంకించినవాఁడు కాఁడు, శంకింపఁబడినది.

మన కవులు భార్యాత్యాగకథలను స్వీకరించినపు డెట్టి జాగ్రత్త వహించిరో చూడుఁడు. భారతకథయందు, నన్నయభట్టారకుని తెలుఁగునందును, శకుంతల కుమారునితో సభకు వచ్చును. దుష్యంతుఁ డామె నెఱిఁగియు నెఱుఁగనట్లు పలుకును. ఆమె సత్యమహిమను జెప్పి ధైర్యముగా వాదించును; ఆకాశవాణి సాక్ష్యమిచ్చును. అపుడు రాజు, తన కంతయుఁ దెలియుననియు, భార్య మాటమాత్రమునఁ బరిగ్రహించినచో లోకము శంకించునని యట్లు చేసితిననియుఁ జెప్పును. ఇది కాళిదాసునకు రుచింపలేదు. నాయకుఁ డెఱిఁగి యనృత మాడుట ధీరోదాత్తత్వమునకు భంగమని తలంచెను. కాఁబట్టి దుర్వాసశ్శాపమును, అంగుళీయకమును గల్పించెను. పిల్లలమఱ్ఱి పినవీరభద్రుఁడును శృంగారశాకుంతలమున నీ కథనే తెలుఁగువారి కందించెను. ఉత్తరరామచరితమున భవభూతి సీతాత్యాగమును జెప్పుచు, రామునకు సీత పావిత్ర్యమునఁ గించిత్తును శంక లేదనియు, లోకాపవాదమే హేతువనియు స్పష్టపఱచెను. పండ్రెండేండ్లు రాముఁడే యెక్కువగాఁ గుమిలినట్లు చిత్రించెను. ఈ మువ్వురి మార్గములును వేఱువేఱైనను సారాంశ మొక్కటే: భార్య శీలమును భర్త హృదయపూర్వకముగా శంకించెనని చెప్పుటకుఁ గవులు వెనుదీసిరి. వెనుదీయుట పిఱికితనముచేఁ గాదు. ఆ శంకను మనసార గ్రహించినవాఁడు మరల నాయకస్థానమునఁ గూర్చుండఁజాలఁడని వా రెఱుఁగుదురు.

కార్తీకదీపకర్తయు నాయకుని రక్షింపఁ గోరెననుట నిజము. మోనిత పుట్టించిన పత్రము నేఁటికాలపు దుర్వాసశ్శాపమే. దోషము నాయకునిది కాదు, కుతంత్రముది యని చెప్పుట కా పత్రము గల్పింపఁబడినది. కల్పన చమత్కారముగానే యున్నది. కాని శాపమునకును బత్రమునకును గల భేదమును గర్త గుర్తింపలేదు. శాపము స్మృతిని హరించును; స్మృతి లేనివాఁడు వేఱువిధముగ వర్తింపలేఁడు. పత్రము స్మృతిని హరింపదు. భార్య నడవడియు, ఆమె మాటయు, తాను జూచిన యామె సత్యసంధతయుఁ గార్తీకునకు జ్ఞాపకమున నున్నవి. అవి యన్నియు నున్నను నతఁడు కాగితమును నమ్మెను. అంతేకాక, యతఁడు వైద్యుఁడు. పరీక్షాపత్రము తప్పు కావచ్చుననియు, మఱొకచోట మరల పరీక్షింపవచ్చుననియు నెఱుఁగని పామరుఁడు కాఁడు. చదువు రాని రైతు వైద్యశాలలో నిచ్చిన చీటిని నమ్మి మోసపోయినఁ బ్రేక్షకుఁడు జాలి నొందును. వైద్యుఁడే మోసపోయి యేండ్ల తరబడి మరల విచారింపకుండుట యౌచిత్యభంగము. క్షేమేంద్రుఁ డౌచిత్యమును గావ్యమునకు జీవితమని చెప్పుట యిట్టిచోటఁ దెలియును.

ప్రమాణదృష్టిచేఁ జూచినను దోష మిట్లే తోఁచును. పత్రము శబ్దప్రమాణము. శబ్దము ప్రమాణ మగుటకు వక్త యాప్తుఁడై యుండవలెను. కార్తీకునియెదుట రెండు శబ్దములు నిలిచినవి: భార్య మాట యొకటి, కాగితముపై వ్రాత యొకటి. సహధర్మచారిణి యాప్తురాలు కాదనియు, కాగిత మాప్తమనియు నతఁడు నిశ్చయించెను. శాకుంతలము ప్రథమాంకమున దుష్యంతుఁడు, సందేహవిషయములందు సజ్జనుల యంతఃకరణప్రవృత్తియే ప్రమాణమను నభిప్రాయమును జెప్పును. ఆ మాటను గుమారిలభట్టు తంత్రవార్తికమున ధర్మవిచారము నడుమ నుదాహరించుటచే దాని గౌరవము రెట్టించినది. అంతఃకరణము కార్తీకునకును బలికినది. ఎవ్వరి బిడ్డయో తెలియకయే శౌర్యయం దతఁడు వాత్సల్యము వహించును. శాకుంతలము సప్తమాంకమున సింహశాబకముతో నాడు బాలునిఁ జూచి దుష్యంతునకుఁ గలిగిన ప్రేమయు నిట్టిదే. కాళిదాసుని నాయకుఁ డా ప్రేమ చూపిన మార్గమున నడచి, నిమిషములలో సత్యమును జేరెను. ధారావాహికలోని నాయకుఁడు ప్రేమను బొందియు దాని మాట వినఁడు. బిడ్డను ముద్దాడును, తల్లిని నిందించును. ఈ ఘట్టములు నటుల సామర్థ్యముచేఁ గంట నీరు తెప్పించును గాని, యాలోచించిన కొలఁదిని నాయకుని యందు గౌరవము తగ్గించును.

భర్తృవాక్యముచే నవవధువు నొచ్చు ఘట్టమును జనగామ ప్రాంతపు కవియే మఱొక తీరునఁ జిత్రించి యుండుట స్మరణీయము. బమ్మెర గ్రామము నేఁడు జనగామ జిల్లా పాలకుర్తి మండలమున నున్నది. ఆ గ్రామనామము నింటిపేరుగాఁ గల పోతన దశమస్కంధమున రుక్మిణీకృష్ణుల ప్రణయసంవాదమును దెలిఁగించెను. శ్రీకృష్ణుఁడు పరిహాసమునకై, రాజులనెల్ల విడిచి తన్నేల వరించితి వనియు, ఇఁకనైనఁ దగినవానిఁ జూచుకొమ్మనియుఁ బలుకును. రుక్మిణి యా మాట నిజమని తలంచి మూర్ఛిల్లును. అంత కృష్ణుఁడు తల్పమునుండి దిగి, యామెను లేవనెత్తి, కన్నీరు దుడిచి, ముంగురులు సవరించి, మేలమాడితినని యూఱడించును. పిమ్మట రుక్మిణి యతని మాటల కొక్కొక్కదానికిఁ దగిన యుత్తర మిచ్చును. ఇందు మూఁడు గుణములు గలవు. గాయపఱచినవాఁడే గాయము మాన్పెను. మాన్పుట కాలస్యము చేయలేదు. గాయపడినదానికి మాటలాడుట కవకాశ మిచ్చెను. నవదాంపత్యకలహమును జిత్రింపఁ గోరువారి కింతకు మించిన యొరవడి లేదు. కార్తీకదీపమున నీ మూఁడును లోపించినవి. గాయము మాన్పువారు తక్కినవారు, ఆలస్య మపారము, దీప యెన్ని చెప్పినను వినువాఁడు లేఁడు.

ఆలస్యమునకుఁ గారణము కవిత్వమునఁ గాక వర్తకమున నున్నది. ముఖము, ప్రతిముఖము, గర్భము, విమర్శము, నిర్వహణము నని యైదు సంధులు నాటకమునకుఁ జెప్పఁబడినవి. విమర్శసంధిలో ఫలము చేఁజిక్కునో చిక్కదో యను సందేహము గలుగును. పిదప నిర్వహణమునఁ దీఱును. ధారావాహికకు నిర్వహణసంధి ప్రాణాంతకము. కథ ముగిసినచో వాణిజ్యప్రకటనలకుఁ జోటు పోవును. ప్రేక్షకుల సంఖ్యను వారమువారము గణించు కొలమానము వచ్చిన పిదప, అధికసంఖ్య గల కథను ముగించు నధికారము కర్తకుఁ జిక్కదు. కార్తీకదీపము చాలకాలము తెలుఁగు ధారావాహికలలో నగ్రస్థానమున నుండెను. కాఁబట్టి విమర్శసంధియే పలుమాఱులు పునరావృత్తమయ్యెను. నిజము నోటిచివరకు వచ్చి నిలిచిపోవుట, చెప్పఁబోవువానికి విఘ్నము గలుగుట, వినవలసినవాఁ డప్పుడే యటనుండి కదలుట పరిపాటియయ్యెను. దీనితోఁ జిందు యక్షగానమును బోల్చి చూడుఁడు. ఓరుగల్లు సీమ పల్లెలలో నీ కళ నేఁటికిని జీవించియున్నది. జనగామ ప్రాంతపు చిందు కళాకారుఁడు గడ్డం సమ్మయ్యకు 2024లో భారతప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించినది. ఆ యాట రాత్రి మొదలై తెల్లవాఱునప్పటికి మంగళము పాడించుకొనును. ఎంత కలహమైన నొక్క రాత్రిలోఁ దీఱవలెను. చూచినవారు తేలిన మనస్సుతో నింటికిఁ బోవలెను. ధారావాహికఁ జూచినవారు తేలని మనస్సుతోఁ బరుండవలసి వచ్చుచున్నది.

గుణములను జెప్పకుండుట విమర్శధర్మము కాదు. ఈ కథయందలి దీప తెలుఁగు దృశ్యకథలలో నరుదైన నాయిక. అత్తవారి సొమ్మునకుఁ జేయి చాఁపక, వంటచేసి బిడ్డను బెంచిన స్వాభిమానము ప్రశంసనీయము. పల్లెస్త్రీలు వంటలక్కను దమలో నొకతెగా నెంచుటకుఁ గారణ మదియే. సౌందర్యపాత్రయుఁ జక్కగఁ బోషింపఁబడినది. మొదట రంగును జూచి కోడలిని నిరాకరించిన యత్త, పిదపఁ గొడుకును విడిచి కోడలి పక్షమున నిలుచుట తెలుఁగునఁ బాతుకొనిన యత్తాకోడండ్ర కలహకథకు మంచి విరుగుడు. నల్లని కన్యను నాయికగా నిలుపుట మెచ్చవలసిన సంకల్పము; ద్రౌపదికిఁ గృష్ణ యను నామమే యుండఁగా నల్లనివారిని జిన్నచూపు చూచుట మన సంప్రదాయమున లేనిది. కాని యిచటను నొక లోపము గలదు. సహజముగ నల్లని నటిని గైకొనక, తెల్లని నటికి నల్లరంగు పూసి చూపిరి. నలుపు గౌరవింపఁదగినదని మాటలతోఁ జెప్పుచు, నల్లనిదానికిఁ దెఱపైఁ జోటు లేదని చేఁతతోఁ జెప్పినట్లయ్యెను. చూచు బాలిక లీ రెండవమాటనే సులభముగా గ్రహింతురు.

ఇంతకును మించిన యపాయము శంకావిషయమునందే గలదు. కథ కడపట దీప నిర్దోషి యని తేలును. కాఁబట్టి కథ స్త్రీపక్షమున నున్నదని కొందఱు వాదింతురు. ఆ వాదము నిలువదు. నిర్దోషి యని తేల్చుటకు ఋజువు కావలసి వచ్చెను. ఋజువు దొరకువఱకు నేండ్ల తరబడి యామె దోషి వలెనే బ్రతికెను. ‘ఋజువున్న నమ్మవలెను, లేకున్న నమ్మరాదు’ అను నియమమును గథ యెచటను ఖండింపలేదు. ఋజువు దొరకుట యాలస్యమైనదని మాత్రము విలపించినది. అనఁగా శంకించుట కధికారము భర్తకుఁ గలదనియు, నిరూపించుకొను భారము భార్యదనియు నిరాఘాటముగ నంగీకరించినది. భరతఖండపు న్యాయశాసనమే దీని కెదురుగా నున్నది. 1872 నాఁటి సాక్ష్యచట్టము 112వ ప్రకరణమున, వివాహబంధము నిలిచియుండఁగాఁ బుట్టిన బిడ్డ భర్త బిడ్డయే యని నిశ్చయముగ భావింపవలెనని విధింపఁబడినది. ఆ కాలమున దంపతులకు సమాగమావకాశమే లేదని నిరూపించిననే దానికి మినహాయింపు. 2024 జూలై 1వ తేదినుండి యమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 116వ ప్రకరణమున నా నియమమునే నిలుపుకొన్నది. గౌతమ్ కుండు వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1993లో, ఇట్టి విషయములందు రక్తపరీక్షను సామాన్యవిధిగా నాజ్ఞాపింపరాదని తీర్పు చెప్పినది. చట్టము బిడ్డను నిందనుండి కాపాడుటకుఁ దల్లిని నమ్మినది. చట్టము నమ్మినదానిని గథానాయకుఁడు నమ్మలేదు. కథాకర్త యతనిని నాయకస్థానమునుండి దింపలేదు.

చెల్పూరు వంటి పల్లెలలోఁ గ్రొత్తగాఁ బెండ్లియైన యువకుఁడును యువతియు నీ కథను బెద్దలతోఁ గూడి చూతురు. వారి నడుమ జిన్న మాటపట్టింపు పుట్టినపుడు జ్ఞాపకమునకు వచ్చు నుదాహరణ మేది? కృష్ణుఁడు తల్పమునుండి దిగి కన్నీరు తుడిచిన యుదాహరణము పుస్తకమున నున్నది. వైద్యుఁడు కాగితము చూపి గర్భవతిని నిందించిన యుదాహరణము తెఱపై పదునేనువందలసారులకుఁ బైగా మాఱుమ్రోగినది. విద్యావంతుఁడే శంకించినపుడు చదువు లేనివాఁడు శంకించిన దోషమేమి యను తర్కము పుట్టుట కెంత సేపు? కావ్యము కాంతాసమ్మితముగ నుపదేశింపవలె నని మమ్మటుఁడు చెప్పెను. కాంతను నిందించు కథ కాంతాసమ్మితోపదేశ మెట్లు చేయును?

దీనికిఁ బ్రతిక్రియ నిషేధము కాదు. ప్రజలు మెచ్చిన కథను నిషేధించిన నది చాటుగాఁ బ్రబలును. కథాకర్తలకుఁ జెప్పవలసినది స్వల్పమే. శంకను గథలోఁ దేవచ్చును. కాని సంచారిగాఁ దేవలెను, స్థాయిగా నిలుపరాదు. శంకించినవాఁడే విచారింపవలెను, శంకింపఁబడినది మాటలాడవలెను, నిజము తెలిసినపుడు పశ్చాత్తాపము శంకకుఁ దగినంత కాల ముండవలెను. కాళిదాసు శాకుంతలమున షష్ఠాంక మంతయు దుష్యంతుని పశ్చాత్తాపమునకే కేటాయించుట యిందులకే. 2024లో నవే ప్రధాననటులతోఁ ‘గార్తీకదీపము’ రెండవభాగ మను పేర, ‘ఇది నవవసంతము’ అను నుపశీర్షికతో మఱొక కథ యారంభింపఁబడినది. పేరునకుఁ దగినట్లు వసంతము రావలె నన్న, దీపమును వెలిఁగించినవారే దానిని గాలినుండి కాపాడవలెను.

పాఠశాలలలో శాకుంతలమును భాగవతమును బోధించు పండితులకును నిందొక కార్యము గలదు. విద్యార్థులు రాత్రి యింటఁ జూచిన కథను బగలు పాఠముతోఁ బోల్చి చూపుట యవమానకరము కాదు. దుష్యంతుఁడు మఱచుటకును, కార్తీకుఁడు శంకించుటకును గల భేదమును బాలురు వెంటనే గ్రహింతురు. అది గ్రహించిన బాలుఁడు శాకుంతలమును మఱింత శ్రద్ధతోఁ జదువును, ధారావాహికను మఱింత యెచ్చరికతోఁ జూచును. దంపతిశబ్దము ద్వివచనమున నిలుచు కారణమును గూడ నాఁడే యతఁ డెఱుఁగును.